పాటలో గుమిగూడిన నలుగురు

గట్టులంక పురపాలక సంఘంవారు కరోనా మొదటి ఏడాదిలో మొత్తం నూట పద్దెనిమిది ఉత్తర్వులు జారీ చేశారు. వాటిలో నూట పదహారింటిని ఎవరూ చదవలేదు కాబట్టి ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు. చదివిన రెండింటిలో ఒకటి నలభై ఏడోది. దురదృష్టం ఏమిటంటే, దాన్ని చదివినవాడు దాన్ని అమలు చేయాల్సిన అధికారే.

నిజానికి అందులో కొత్త సంగతేమీ లేదు. ముగ్గురికి మించి ఒకచోట గుమిగూడకూడదని, అంతే. అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. కానీ టైపు చేసిన గుమాస్తాకి ఆ వాక్యం మరీ పొట్టిగా, ఆఫీసు హోదాకి తగనట్టుగా తోచింది. అందుకని తన వంతు సేవగా "ఎచ్చటనైనను, ఏ రూపముననైనను" అని రెండు ముక్కలు తగిలించాడు. కమిషనరుగారు ఎప్పట్లాగే కిందనుంచి చదివి, అంటే తన పేరు మాత్రం చదివి, సంతకం పెట్టారు. కారెం దైవాధీనం కొంప ముంచినవి ఆ రెండు ముక్కలే.

దైవాధీనం విద్యుత్ శాఖలో బిల్లుల విభాగంలో పనిచేసి రిటైరయ్యాడు. ఊళ్లో పాతవాళ్లకి ఆ ఉద్యోగం గుర్తులేదు. నవమల్లిక ఆర్కెస్ట్రాలో కీబోర్డు దైవాధీనం అంటేనే గుర్తు. డ్రమ్స్ జిలానీ, గిటారు అప్పాజీ, పాట గోవర్ధనం. ఇరవై రెండేళ్లపాటు చుట్టుపక్కల లంకల్లో ఏ పెళ్లయినా ఆ నలుగురే. పందిట్లో వీళ్లు సినిమా పాటలు పాడుతుంటే జనం గారెలు తినేవాళ్లు. పాట బాగుంటే ఇంకో గారె వేయించుకునేవాళ్లు. ఆ రోజుల్లో అదే చప్పట్లు కింద లెక్క.

వీళ్లకి సొంత పాటలు కూడా ఉన్నాయి. పదకొండు. గోవర్ధనం రాసి, నలుగురూ కలిసి బాణీలు కట్టుకుని, అట్టపెట్టిన నోటుబుక్కులో దాచుకున్నవి. ఒకే ఒక్కసారి ధైర్యం చేసి, ఒక పెళ్లిలో రెండు సినిమా పాటల మధ్య వాటిలో మొదటిది ఎత్తుకున్నారు. "లాంతరు తగ్గించకే, ఇంకా కొంచెం దారుంది" అని గోవర్ధనం పల్లవి పాడి, మొదటి చరణంలోకి వెళ్లాడో లేదో, పెళ్లికూతురి మేనమామ విస్తరి ముందునుంచి లేచి, ఎంగిలి చేత్తోనే స్టేజీ ఎక్కి మైకు లాక్కున్నాడు. "ఏవయ్యా, తెలిసిన పాట ఒక్కటీ రాదా మీకు?" అన్నాడు. పందిరంతా నవ్వింది. ఆ తర్వాత ఆ పాట ఎప్పుడూ చివరిదాకా వెళ్లలేదు. నోటుబుక్కు దైవాధీనం ఇంట్లో ట్రంకుపెట్టెలోకి వెళ్లిపోయింది.

లాక్‌డౌన్‌లో దైవాధీనం భార్య మార్తమ్మ బొంతలు ఎండబెడదామని ఆ పెట్టె తెరిచింది. నోటుబుక్కు బయటపడింది. సాయంత్రానికల్లా నలుగురూ ఫోన్లో ఒకళ్లనొకళ్లు తిట్టుకుంటున్నారు. అంటే ఆర్కెస్ట్రా మళ్లీ మొదలైందన్నమాట.

ఎవరిళ్లలో వాళ్లే. దైవాధీనం బీరువాలో బట్టలు తీసేసి, లోపల బొంతలు వేలాడగట్టి, అందులో కూర్చుని కీబోర్డు వాయించి ఫోనులో రికార్డు చేసేవాడు. అది చెవిలో పెట్టుకుని జిలానీ తన ఇంట్లో దరువేసేవాడు. అప్పాజీ స్నానాలగదిలో కూర్చుని గిటారు వాయించేవాడు. అక్కడ ప్రతిధ్వని బాగుంటుందని అతని నమ్మకం. గోవర్ధనం బియ్యం బస్తాల మధ్య నిలబడి పాడేవాడు. అన్నీ దైవాధీనం ఫోనుకే చేరేవి; పంపగానే తమ ఫోన్లలో చోటు లేక వాళ్లు చెరిపేసేవాళ్లు. అతను వాటిని ఒకదానిమీద ఒకటి పేర్చి, మధ్యలో దూరిన కుక్కర్ కూతలు ఏరిపారేసి, ఒక పాటగా చేసేవాడు. నెలకి ఒక పాట. తొందరేముంది?

తొందర ఏమిటో నాలుగో పాట అయ్యాక తెలిసింది. గోవర్ధనం ఫోన్ చేశాడు. గొంతు బొంగురుగా ఉంది.

"ఒరే దైవం, మిగతావి కొంచెం గబగబా కానిచ్చేద్దారా."

"ఏం, ఎక్కడికైనా ఎల్తున్నావేంట్రా?"

"నేనెళ్లట్లేదురా. గొంతెళ్తంది. లోపల గడ్డంట. వచ్చే నెల ఇరవయ్యారున పెద్దాసుపత్రిలో ఆపరేషన్. గడ్డతోపాటు గొంతుపెట్టె కూడా తీసేత్తారంట. తర్వాత మాటుండదన్నాడు డాక్టరు. మాటే లేనప్పుడు ఇక పాటెక్కడిది?"

దైవాధీనం బీరువాలోనే కూర్చుని ఏడ్చాడు. బొంతలు మంచి పని చేశాయి, బయట మార్తమ్మకి వినపడలేదు. ఆ రోజునుంచి నలుగురూ నెలకొక పాట మానేసి వారానికి రెండు మొదలెట్టారు. వచ్చే నెల అయిదో తారీఖుకి పది పాటలు పూర్తయ్యాయి. పదకొండోది, లాంతరు పాట, గోవర్ధనం కావాలనే చివరికి ఉంచుకున్నాడు. దానికి కీబోర్డు, దరువు, గిటారు అయిపోయి దైవాధీనం ఫోనులో ఉన్నాయి. గిటారు ఆఖరి మెట్టు దగ్గర అప్పాజీ తీగె తెగింది. దుకాణాలు లేవు కాబట్టి ఇక రెండోసారి వాయించే ప్రసక్తి లేదు. గొంతు ఒక్కటే బాకీ.

సరిగ్గా ఆ రోజే మార్తమ్మ గర్వం పట్టలేక, పూర్తయిన పాటల్లో ఒకటి వార్డు వాట్సాప్ గ్రూపులో పెట్టింది. "మా ఆయన, వారి స్నేహితులు, మొత్తం నలుగురు" అని కింద రాసింది. ఆ నలుగురు అనే మాట రాయకపోయినా ప్రమాదం తప్పేది కాదేమో గానీ, రాయడంవల్ల పని తేలికైంది.

మర్నాడు పొద్దున కోవిడ్ నియంత్రణ ప్రత్యేకాధికారి వైకుంఠరావుగారు గేటు దగ్గరికి వచ్చారు. మనిషి చాలా నిజాయితీపరుడు. జీవితంలో ఒక్క కాగితం కూడా నంబరు లేకుండా వదిలిపెట్టి ఎరగరు. వెనకాల మందుకొట్టే డబ్బా వీపుకి తగిలించుకుని పారిశుధ్య కార్మికురాలు పోలమ్మ నిలబడింది.

"కారెం దైవాధీనంగారు తమరేనా? నలభై ఏడవ ఉత్తర్వును అతిక్రమించి నలుగురు వ్యక్తులు గుమిగూడినట్లు మా దృష్టికి వచ్చినది."

"ఎక్కడండి?"

"పాటలో."

దైవాధీనం నవ్వాడు. వైకుంఠరావుగారు నవ్వలేదు. దైవాధీనం నవ్వు ఆపేశాడు.

"ఆయ్, మేం కలవలేదండి. ఎవరింట్లో ఆళ్లం పాడుకున్నాం."

"కలవలేదు. కానీ నలుగురి శబ్దములు కలిసియున్నవి. అవి ఎక్కడ కలిసినవి?"

"నా ఫోన్లోనండి."

"ఆ ఫోను ఎక్కడ ఉండును?"

"నా దగ్గరేనండి. ఇంట్లో."

"కావున నలుగురు మీ ఇంట్లో కలిసినట్లే గదా." ఆయన రాసుకున్నారు. "పైగా నేను ఆరుసార్లు విన్నాను. ఆ నలుగురి మధ్య ఎక్కడా ఆరడుగుల దూరం లేదు. గాయకుడు, గిటారు అయితే మరీ భుజము భుజము రాసుకుని ఉన్నారు. ఒక్కరికి మాస్కు ఉన్నట్లు కూడా వినపడలేదు."

"అదేంటండి బాబూ, మాస్కెట్టుకుని పాడితే పాటెలా వత్తాదండి?"

"అది కళాకారుల అంతర్గత విషయము."

విచారణ రెండు రోజుల తర్వాత వీడియోకాల్‌లో జరిగింది. దైవాధీనం మార్తమ్మ ఫోను ముందు ఒక్కడే కూర్చున్నాడు. అవతల పురపాలక కార్యాలయంలో ఒకే ఒక్క కంప్యూటరు ఉండటంవల్ల, తొమ్మిదిమంది అధికారులు దాని ముందు ఒకరి భుజంమీద ఒకరు గడ్డం ఆనించి చూస్తున్నారు. మాస్కులు గడ్డాల కింద ఉన్నాయి. భౌతిక దూరం ప్రాముఖ్యం గురించి కమిషనరుగారు పది నిమిషాలు మాట్లాడారు. ఆయన తుమ్మినప్పుడు ఎనిమిదిమంది ఒకేసారి పక్కకి వంగారు.

అసలు ప్రశ్న ఒక్కటే. పాట అనేది ప్రదేశమా, కాదా? ప్రదేశం కాకపోతే అందులో గుమిగూడటం కుదరదు, నోటీసు చెల్లదు. ఇచ్చిన నోటీసు వెనక్కి తీసుకోవడం ఆ కార్యాలయ చరిత్రలో లేదు. కాబట్టి గంటన్నర లోతుగా చర్చించి, పాట ఒక ప్రదేశమేనని తొమ్మిదిమందీ ఏకగ్రీవంగా తీర్మానించారు. దానికి మొదలుంది, చివర ఉంది, మధ్యలో జనం ఉన్నారు. ఇంకేం కావాలి?

అసిస్టెంటు ఇంజనీరు లేచి, పాటలో అడుగులు కొలవడం సాధ్యం కాదు గనుక ఆరడుగులను ఆరు సెకన్లుగా పరిగణించవచ్చని సాంకేతిక సలహా ఇచ్చాడు. ఒకరి శబ్దానికీ ఇంకొకరి శబ్దానికీ మధ్య ఆరు సెకన్ల ఖాళీ. అలా ఎలా ఉంటుందో వాయించి చూపమన్నారు. దైవాధీనం కీబోర్డుమీద ఒక్క మెట్టు నొక్కాడు. ఆరు సెకన్లు ఆగాడు. నోటితో "ధన్" అన్నాడు. ఆరు సెకన్లు ఆగాడు. "లాం" అని పాడాడు. ఆగాడు.

"ఎంత క్రమశిక్షణగా ఉందో చూశారా!" అన్నారు కమిషనరుగారు.

"ఆ లెక్కన లాంతరు ఎలిగేసరికి తెల్లారిపోద్దండి," అన్నాడు దైవాధీనం. ఆ మాట మినిట్స్‌లో రాయలేదు.

తీర్మానం వచ్చింది. పాట ఉన్న ఫోను గుమిగూడిన ప్రదేశం గనుక దాన్ని పద్నాలుగు రోజులు క్వారంటైన్‌లో ఉంచాలి. అందులో ఉన్న తక్కిన పాటలు కూడా సన్నిహితంగా మెలిగినవే గనుక అవి కూడా. తదుపరి ఉత్తర్వులు వెలువడేదాకా సదరు నలుగురూ ఏ పాటలోనూ కలవకూడదు. గోవర్ధనం ఆసుపత్రికి వెళ్లడానికి ప్రయాణపు పాసు ఇచ్చేది కూడా ఆ కార్యాలయమే. అందుకని దొంగచాటుగా పాడదామని జిలానీ అంటే దైవాధీనం ఒప్పుకోలేదు. వీళ్లు కోప్పడి పాసు ఆపితే అసలుకే మోసం వస్తుంది.

ఎనిమిదో తారీఖున పోలమ్మ చేతికి రెండు తొడుగులు వేసుకుని వచ్చి ఫోనుని స్టీలు డబ్బాలో పెట్టుకుని తీసుకెళ్లింది. హైస్కూలు ఎనిమిదో తరగతి గదిలో, ఒక బెంచీమీద దాన్ని పడుకోబెట్టారు. పక్కన కార్డు. పేరు: ఫోను. వయసు: మూడేళ్లు. లక్షణాలు: పాట. దానికి రోజుకి మూడుసార్లు జ్వరం చూసే బాధ్యత పోలమ్మది. మొదటి రోజుల్లో అది చల్లగా, కదలకుండా, ఏ రోగీ ఉండనంత బుద్ధిగా ఉంది.

ఊళ్లో మాత్రం పరిస్థితి విషమించింది. వాట్సాప్‌లో పెట్టిన పాట మంచిది. మంచి పాట అంటితే వదలదు. పాలకేంద్రం దగ్గర వరసలో నిలబడిన ఒకావిడ కూనిరాగం తీసింది. ఆవిడనుంచి వెనకాల ఉన్న మాస్టారికి, మాస్టారినుంచి ఆన్‌లైన్ క్లాసులో నలభైమందికి. వైకుంఠరావుగారు ఆలస్యం చేయలేదు. సాయంత్రం ఆరింటికి బులెటిన్ విడుదల చేయడం మొదలెట్టారు. "నేడు కొత్తగా కూనిరాగము నమోదైన వారు ముప్పది ఎనిమిది. మొత్తము రెండు వందల పన్నెండు. కోలుకున్నవారు ఎవరును లేరు." పల్లవి మాత్రమే వచ్చినవాళ్లని స్వల్ప లక్షణాలవాళ్లుగా, చరణాలు కూడా వచ్చినవాళ్లని తీవ్ర లక్షణాలవాళ్లుగా విడదీశారు. తహసీల్దారు ఆఫీసులో ఒక సీనియర్ అసిస్టెంటు ఫైలు వెతుకుతూ ఈల వేశాడని గది మూయించారు. ఆ గదిలో రెండేళ్లుగా ఏ ఫైలూ కదలలేదు కాబట్టి పనికి అంతరాయం కలగలేదు.

ఇరవయ్యో తారీఖున పోలమ్మ మార్తమ్మ ఫోనుకి చేసింది. రెండు రోజుల్లో ఇచ్చేస్తారనగా, పాపం ఫోనులో ఛార్జింగు అయిపోయిందని జాలిపడి తన వైరు గుచ్చిందట. సరిగ్గా అప్పుడే వైకుంఠరావుగారు తనిఖీకి వచ్చి జ్వరం తుపాకీ పెట్టి చూశారు. నూట మూడు.

"ఛార్జింగెడితే కాలుద్దండి, నాది కూడా కాలుద్ది అని చెప్పానండి," అంది పోలమ్మ. "నీది కూడా అనుమానితుల జాబితాలో రాయమంటావా అన్నారండి. నోరు మూసుకున్నానండి. ఇంకో పద్నాలుగు రోజులు పొడిగించేరండి."

ఇంకో పద్నాలుగు రోజులంటే వచ్చే నెల. ఆపరేషన్ ఇరవయ్యారున. ఆ సాయంత్రం గోవర్ధనం తనే ఫోన్ చేశాడు. గొంతు ఇంకా సన్నగిల్లింది, కానీ రాగంలోనే ఉంది.

"పోన్లేరా. పది అయినియ్యి కదా. ఆ పాట రాతే అంత. పుట్టినప్పుడూ ఎవడో ఆపేశాడు."

"నువ్వు మాట్లాడకు. గొంతు దాచుకో," అని అరిచాడు దైవాధీనం. కోపం ఎవరిమీదో అతనికే తెలియలేదు. ఫోను పెట్టేసి, అన్నం తినకుండా బీరువాలోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

మార్తమ్మ బయట కుర్చీ వేసుకుని కూర్చుంది. ఏడవలేదు. వార్డు గ్రూపులో పడిన పురపాలక ఉత్తర్వులన్నీ తన ఫోనులో వరసగా తిరగేయడం మొదలెట్టింది. ఊళ్లో ఉత్తర్వు చదివిన రెండో మనిషి ఆవిడ. అరవై ఒకటో ఉత్తర్వు దగ్గర ఆగి బీరువా తలుపు కొట్టింది.

"ఏవండీ, పెళ్లికైతే ఇరవైమందిదాకా ఉండొచ్చంటండి."

"ఎవరి పెళ్లే?"

"వివాహాది శుభకార్యాలన్నాడండి. షష్టిపూర్తి శుభకార్యం కాదా? గోవర్ధనం అన్నయ్యగారికి ఈ నెల ఇరవై అయిదుకి అరవై నిండుతాయి. వరలక్ష్మి వదిన మొన్న చెప్పింది, అందరూ ఉంటే మళ్లీ తాళి కట్టించేవాళ్లం అని."

"అయితే?"

"పాట ప్రదేశమని ఆళ్లే తీర్మానం చేశారు కదండీ. ఆ ప్రదేశంలో చేసుకుంటాం అందాం."

దైవాధీనం బీరువాలోంచి బయటికి వచ్చి భార్య పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ముప్పై ఏడేళ్లుగా ఈమెని ఆర్కెస్ట్రాలో చేర్చుకోనందుకు మొదటిసారి సిగ్గుపడ్డాడు.

దరఖాస్తు మర్నాడే వెళ్లింది. శుభకార్యము: షష్టిపూర్తి. వధూవరులు: గోవర్ధనం, వరలక్ష్మి. వేదిక: లాంతరు పాట. పొడవు: నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు. అతిథులు: ముగ్గురు. వేదిక నక్షా మూడు ప్రతులు జతచేయాలని నిబంధన ఉంది. దైవాధీనం స్కేలు పెట్టి గీశాడు. పల్లవి హాలు. చరణాలు రెండు గదులు. మధ్యలో ఒట్టి సంగీతం వచ్చేచోట వరండా, గాలి బాగా ఆడుతుంది అని పక్కన రాశాడు. లోపలికి వచ్చే దారి ఒకటి, బయటికి పోయే దారి ఒకటి బాణం గుర్తులతో చూపించాడు.

వైకుంఠరావుగారు దాన్ని మూడుసార్లు చదివారు. పాట ప్రదేశం కాదని అంటే నోటీసు, తీర్మానం, ఫోను జ్వరం, పన్నెండు బులెటిన్లు, అన్నీ కొట్టుకుపోతాయి. ప్రదేశమేనంటే షష్టిపూర్తి ఆపడానికి తనకి అధికారం లేదు. ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. ఆయన చేతిలో ఉన్న నక్షా నిబంధనల ప్రకారం నిర్దోషంగా ఉంది. అంత శుభ్రంగా గీసిన నక్షా ఆ కార్యాలయానికి ఎప్పుడూ రాలేదు. దాన్ని తిరస్కరించడానికి ఆయనకి మనసొప్పలేదు.

"అనుమతించడమైనది. వేదిక ఉన్న ఫోనును ఆ ఉదయము విడుదల చేయవలెను," అని రాశారు. కింద షరతులు. ఒకటి, కార్యక్రమానికి రెండు గంటల ముందు వేదికను రసాయనంతో శుద్ధి చేయవలెను. రెండు, కార్యక్రమం ఆసాంతం ఒక అధికారి వేదికలో హాజరై తలలు లెక్కించవలెను.

మొదటి షరతు దైవాధీనానికి మింగుడుపడలేదు. బ్లీచింగు నీళ్లు ఒక్క చుక్క లోపలికి పోతే పదకొండు పాటలూ పోతాయి. ఇరవై అయిదు పొద్దున ఎనిమిదింటికి హైస్కూలు గేటు బయట నిలబడి చూస్తున్నాడు. లోపల పోలమ్మ డబ్బా పంపు కొట్టిన చప్పుడు, బుస్సుమని మందు చిమ్మిన చప్పుడు వినిపించాయి. అతను గేటు ఊచలు పట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

పోలమ్మ వచ్చి తడి కారుతున్న ఒక పొట్లాం చేతిలో పెట్టింది. పాల ప్యాకెట్ కవర్లు మూడు, ఒకదాన్లో ఒకటి, మూతి రబ్బరుబ్యాండుతో బిగించి ఉంది.

"ఏదికని శుద్ధి చేయమన్నారు, చేశానండి. కవరు తీసి చేయమని ఎక్కడా రాయలేదండి," అంది. "ఆ ముసలాయన పాటే కదండీ ఇందులో ఉంది? వాట్సాప్‌లో వచ్చింది నాకూ వచ్చేసిందండి, సార్‌కి చెప్పకండి. తీవ్ర లక్షణాలే."

తొమ్మిదింటికి గిటారు, దరువు, కీబోర్డు గోవర్ధనం ఇంటికి ఫోనులో చేరాయి. పది గంటల పన్నెండు నిమిషాలకి ముహూర్తం. పంతులుగారు కూడా ఫోనులోనే మంత్రం చదివారు. అక్కడ బియ్యం బస్తాల మధ్య గోవర్ధనం వరలక్ష్మి మెడలో పసుపుతాడు కట్టి, అదే చేత్తో మైకు అందుకున్నాడు. సాయంత్రం నాలుగింటికి ఆసుపత్రి బండి వస్తుంది.

ఇక్కడ దైవాధీనం ఇంట్లో రెండో షరతు అమలవుతోంది. అధికారి వేదికలో హాజరు కావాలి. వేదిక పాట. పాటలో హాజరు కావాలంటే గొంతు రికార్డు కావాల్సిందే, వేరే దారి లేదు. దైవాధీనం తలుపు తీసి పక్కకి తప్పుకున్నాడు. వైకుంఠరావుగారు రిజిస్టరు చంకలో పెట్టుకుని, బొంతల మధ్య బీరువాలోకి వెళ్లి ముడుచుకుని కూర్చున్నారు. అక్కడ పెట్టిన మార్తమ్మ ఫోనుకి నమస్కారం పెట్టి, గొంతు సవరించుకుని చెప్పారు.

"వేదిక తనిఖీ చేయడమైనది. వరుడు ఒకరు. వధువు పాడుట లేదు కావున లెక్కలో లేరు. వాద్యములవారు ముగ్గురు. నాతో అయిదుగురు. పరిమితికి లోబడి ఉన్నారు. ప్రారంభించవచ్చును."

అరగంటలో గోవర్ధనం గొంతు వచ్చింది. దైవాధీనం దాన్ని తక్కిన మూడింటిమీద పేర్చి, పాట మొదలుపెట్టాడు. పైన పల్లవి సాగుతుంటే కింద అధికారిగారి హాజరు రికార్డవుతూ ఉండాలి కదా, అందుకని బీరువాలో మార్తమ్మ ఫోను కూడా నడుస్తూనే ఉంది.

లాంతరు తగ్గించకే, ఇంకా కొంచెం దారుంది.

గొంతు బొంగురుపోయింది. పాతికేళ్ల కిందటి నున్నదనం లేదు. మొదటి చరణం మూడో పాదం దగ్గర, ఆనాడు మేనమామ మైకు లాక్కున్న చోట, అది ఒక్క క్షణం ఆగింది. దైవాధీనం గుమ్మంవైపు చూశాడు. ఎవరూ రాలేదు. ఎవరూ మైకు లాక్కోలేదు. గోవర్ధనం ఊపిరి పీల్చుకున్నది స్పష్టంగా వినిపించింది, ఆ తర్వాత పాట ముందుకు నడిచింది. వరండా దాటి, రెండో గదిలోకి వెళ్లి, మళ్లీ హాల్లోకి వచ్చి, బయటికి పోయే బాణం గుర్తుదాకా వెళ్లింది. పాతికేళ్లలో మొదటిసారి.

ఆఖరి పల్లవి దగ్గర పాటలో అయిదో మనిషి గొంతు వినిపించింది. శ్రుతి లేదు, కొంచెం సన్నగా, చాలా జాగ్రత్తగా కూనిరాగం తీస్తోంది. దైవాధీనం బీరువావైపు చూశాడు. బొంత కదులుతోంది. పాట అయ్యాక వైకుంఠరావుగారు కళ్లద్దాలు తుడుచుకుంటూ బయటికి వచ్చారు. ఆ సాయంత్రం బులెటిన్‌లో కొత్త కేసులు ఒకటి అని మాత్రం ఉంది. పేరు లేదు. నిజాయితీపరుడని ముందే చెప్పాను.

ఆపరేషన్ బాగా జరిగింది. అంటే గోవర్ధనం బతికాడు, గొంతు పోయింది. మూడు వారాలకి ఇంటికి వచ్చాడు. మెడకి కట్టు, చేతిలో పలక. ఆంక్షలు కూడా కాస్త సడలించారు కాబట్టి మిగతా ముగ్గురూ వెళ్లి అరుగుమీద కూర్చున్నారు. జిలానీ గడపమీద దరువేస్తుంటే గోవర్ధనం కాలితో తాళం వేస్తున్నాడు. పలకమీద "అప్పాజీ, శ్రుతి తప్పావు, రెండో చరణం" అని రాసి చూపించాడు. అప్పాజీ తగాదాకి దిగాడు.

అప్పుడు వైకుంఠరావుగారు రిజిస్టరు పట్టుకుని వచ్చారు. అందరూ లేచి నిలబడబోతే వద్దన్నారు. ఆయన ముఖంలో ఇబ్బంది కనిపించింది.

"శుభకార్యముల ఫైళ్లు ముగించమని పైనుంచి వచ్చినది. అన్ని గడులూ నింపాను. తొమ్మిదో గడి ఒక్కటి మిగిలిపోయినది." వేలు పెట్టి చూపించారు. "అతిథులు వేదికను విడిచి వెళ్లిన సమయం. దీని కోసం పాటను మళ్లీ విన్నాను. రోజూ వింటున్నాను. నాకు..." ఆయన రిజిస్టరు గోవర్ధనం ముందుకు జరిపారు. "ఆ గడిలో నాకు తోచినది రాశాను. కార్యము జరిపించిన కర్తగా తమరు సంతకం చేస్తేనే చెల్లుతుంది."

గోవర్ధనం రిజిస్టరు ఒళ్లో పెట్టుకుని తొమ్మిదో గడి చదివాడు. చాలాసేపు చదివాడు, ఉన్నది ఒక్క ముక్కే అయినా. తర్వాత పలక పక్కన పెట్టి, పెన్ను అందుకుని, కింద సంతకం చేశాడు.

ఇంకా ఎవరూ వెళ్లలేదు, అని ఉంది అందులో.